అప్రస్తుత ప్రసంగం కుర్చీ

నాకు అసూయ ఎక్కువ. ఈ సంగతి మా ఆవిడ పెళ్ళయిన కొత్తల్లోనే కనిపెట్టింది. అంతకు ముందే కనిపెట్టినవాడు మా వాడు. మా వాడంటే నా స్నేహితుడు, నరసరావుపేట మిషన్ బడిలో నాతోపాటు పంతులు. నాది ఐదో తరగతి, వాడిది నాలుగో తరగతి. రెంటికీ మధ్య తాటాకు తడిక ఒక్కటే అడ్డం. వాడు పాఠం మొదలుపెడితే తడిక అవతల నవ్వులే నవ్వులు. నా పిల్లలు కళ్ళు నా వైపు ఉంచి చెవులు అటు పడేసేవాళ్ళు. భిన్నాలు చెబుతూ చెబుతూ నేనూ అటే వింటున్నానని గ్రహించి, ఒళ్ళు మండి, బల్ల మీద బెత్తంతో కొట్టేవాణ్ణి.

మాది క్రైస్తవ కుటుంబం, వాళ్ళు ముస్లిములు. వాళ్ళ నాన్నకు స్టేషన్ రోడ్డులో దర్జీ కొట్టు ఉండేది. మా ఇంట్లో బైబిలు, వాళ్ళింట్లో ఖురాను తప్ప వేరే పుస్తకం ఎరుగం. పద్యాల పిచ్చి ఇద్దరికీ ట్రైనింగు స్కూల్లో ఒకేసారి అంటుకుంది. జ్ఞాపకశక్తి నాకొచ్చింది, గొంతు వాడికొచ్చింది. ఈ పంపకం ఎవరు చేశారో గానీ అందులో నాకు అన్యాయం జరిగిందనే ఇప్పటికీ నా నమ్మకం.

యాభైల చివర్లో, అరవైల మొదట్లో మా ఊళ్ళో ఒక సాహిత్య సంఘం ఉండేది. ఒక పెద్ద ప్లీడరు గారు దానికి అధ్యక్షులు. గుంటూరు నుంచి, బెజవాడ నుంచి, ఇంకా దూరాల నుంచి కవుల్ని, రచయితల్ని పిలిపించి సభలు పెట్టేవారు. వచ్చినవాళ్ళని స్టేషన్లో దింపుకుని జట్కాలో ఊళ్ళోకి తీసుకురావడం, సభ అయ్యాక మళ్ళీ రైలెక్కించడం నా పని. వేదిక మీద కుర్చీ నాకెప్పుడూ లేదు. కానీ కవులు సభలో చెప్పేది వేరు, జట్కాలో చెప్పేది వేరు. సభలో చెప్పింది ఊరంతా వినేది. జట్కాలో చెప్పింది నాకొక్కడికే.

అలా ఎన్నో సంగతులు పోగయ్యాయి నా దగ్గర. ఆలుమగల అన్యోన్యత మీద నవలలు రాసి ఆడవాళ్ళ చేత కన్నీళ్ళు పెట్టించిన ఒకాయన, సొంత ఇంట్లో భార్యతో నేరుగా మాట్లాడడు. దొడ్లో ఆవుతో చెబుతాడు, "స్నానానికి నీళ్ళు పెట్టమని చెప్పవే" అని. ఆవిడా ఆవుకే జవాబు చెబుతుంది. యుద్ధాలు వర్ణించడంలో దిట్ట అనిపించుకున్న ఒక నాటకకర్తని శావల్యాపురం వైపు ఎవరో కోడిపందేనికి తీసుకుపోతే, కోడి మెడ మీద రక్తం చూసి అక్కడికక్కడే తూలి పడిపోయాడు. ఉత్తరీయంతో ఆయనకు విసిరింది నేనే. ఇంకొకాయనకు గడ్డం గీయించుకునేటప్పుడు తప్ప పద్యం రాదు. సగం చెంప నురగతో ఆయన ఆలోచిస్తూ కూర్చుంటే, మంగలి కత్తి పట్టుకుని పాదం పూర్తయ్యేదాకా ఆగేవాడట. ఆకలి మీద ఊళ్ళు కదిలిపోయే గేయాలు రాసిన కవి, జట్కా ఆపించి మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని, నాకొక్కటి పెట్టకుండా స్టేషన్ దాకా తిన్నాడు.

వీటన్నిట్లో మణిపూస వేరే ఉంది. చందమామ మీద ఒక పెద్దకవి రాసిన పద్యాలు అప్పట్లో బడిపిల్లలకు కూడా నోటికి వచ్చేవి. లోకం ఆయన్ని పుట్టిన ఊరి పేరుతోనే పిలిచేది. అప్పటికి ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన శిష్యుడొకాయన మా సభకు వచ్చినప్పుడు, పొద్దు వాలుతుంటే జట్కాలో నాతో నెమ్మదిగా చెప్పాడు. ఆ మహాకవికి చిన్నప్పటి నుంచీ రేచీకటి. దీపాలు పెట్టే వేళయితే గుమ్మం ఎక్కడుందో తెలియక గోడలు తడుముకునేవాడు. చందమామని ఆయన సరిగ్గా చూసింది లేదు.

ఇంటికి రాగానే మా ఆవిడకు చెప్పాను. ఆవిడ బియ్యం చెరుగుతూ, "పాపం, పొన్నగంటి కూర తినకపోయాడా" అంది. మర్నాడు బడి నుంచి వచ్చేటప్పుడు మా వాడికి చెప్పాను. అది నా బుద్ధి తక్కువ. ఆ సాయంత్రమే వాడు మా ఇంటికొచ్చి మా ఆవిడ ముందు అదే సంగతి మొదలుపెట్టాడు. మొదలుపెట్టడం అంటే నోటితో కాదు. కళ్ళు పెద్దవి చేసి, చేతులు చాపి, మా వంటింటి గోడ తడుముకుంటూ, గుమ్మం అనుకుని బియ్యం డబ్బాకి నమస్కారం పెట్టి, "ఆహా, ఏమి వెన్నెల!" అని గోడకేసి చూస్తూ రాగం ఎత్తుకున్నాడు. మా ఆవిడ చేతిలో చాట జారిపోయింది. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నిన్న నేను చెప్పింది ఇదేగా" అన్నాను.

"మీరు ఇట్టా ఎక్కడ చెప్పారండీ?" అంది ఆవిడ. "అన్నయ్య చెబితే ఆ మనిషి మన వంటింట్లో తిరిగినట్టుంది."

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మా వాడు నా దగ్గర ఏదీ దొంగిలించలేదు. నేనే ఇచ్చాను. అయినా వాడు టిఫిను హోటల్లో నలుగురి మధ్య నిలబడి ఆవుతో మాట్లాడే రచయితని ఆడి చూపిస్తుంటే, నా సొమ్ము ఎవడో నా కళ్ళ ముందే పంచిపెడుతున్నట్టు ఉండేది. అంతకన్నా కడుపుమంట ఇంకొకటుంది. అదే సంగతి నేను చెబితే జనం "అట్టాగా" అని కాఫీ తాగేవాళ్ళు. వాడు చెబితే కాఫీ చల్లారిపోయేది.

ఇంతలో సంఘం వాళ్ళు అష్టావధానం తలపెట్టారు. పేరు మోసిన అవధాని గారు వస్తున్నారు. అవధానం చూడనివాళ్ళ కోసం ఒక్క మాట. వేదిక మీద అవధాని చుట్టూ పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు వర్ణన అడుగుతారు, ఇంకొకరు ఫలానా అక్షరం వాడొద్దని అడ్డుపడతారు. అవధాని ఒక్కొక్కరికీ ఒక్కొక్క పాదం చొప్పున చెబుతూ, కాగితం ముట్టకుండా అన్ని పద్యాలూ బుర్రలోనే నిలుపుకోవాలి. ఆ నిలుపుకోవడాన్ని చెడగొట్టడానికే ఒక కుర్చీ వేస్తారు, అదే అప్రస్తుత ప్రసంగం. ఆ కుర్చీలో కూర్చున్నవాడు మధ్యమధ్య సంబంధం లేని కబుర్లు చెప్పి అవధాని దృష్టి మళ్ళించాలి. అవధాని నవ్వుతూ జవాబు చెబుతూనే పద్యం జారిపోకుండా చూసుకోవాలి.

ఆ కుర్చీ నాది. నాకంటే ఎక్కువ అప్రస్తుతాలు ఎవరి దగ్గరున్నాయి? ప్లీడరు గారు నోటితో అన్నారు కూడా, "అప్రస్తుతానికి నువ్వేనయ్యా మాస్టారూ" అని. ఇన్నేళ్ళు జట్కాలో కూర్చున్నవాణ్ణి, ఒక్కసారి వేదిక మీద కూర్చుంటాను. అది తప్ప నాకు ఇంకేం అక్కర్లేదు. బడికి వెళ్తూ, వస్తూ, కవుల సంగతులు ఏది ముందు, ఏది వెనక అని వరస పెట్టుకున్నాను. చందమామ కవిని చివరికి ఉంచాను.

అవధానం నాలుగు రోజులుందనగా ప్లీడరు గారు కబురు పెట్టారు. వెళ్ళేసరికి వరండాలో మా వాడు ఉన్నాడు, చేతిలో కాఫీ గ్లాసు. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"ఏమయ్యా, మీ వాడు ఆవు కథ చెబుతుంటే మా గుమాస్తా కుర్చీలోంచి పడ్డాడు. వీణ్ణి పెట్టుకుని నిన్ను కూర్చోబెడితే అవధాని గారు నిద్రపోతారు" అన్నారు. "నువ్వు స్టేషన్‌కి పో. పెద్దమనుషుల్ని తీసుకురావడం నీకు అలవాటేగా."

మా వాడు లేచి, "వద్దండీ, వాడే కూర్చోవాల. ఈ కబుర్లన్నీ వాడివే" అన్నాడు. ప్లీడరు గారు చెయ్యి ఊపేశారు. వాడు నిజంగానే అన్నాడు, ఆ మాటలో కల్తీ లేదు. దాంతో నాకు మరింత మండింది. వాడు ఆ కుర్చీకి ఎగబడి ఉంటే హాయిగా తిట్టుకునేవాణ్ణి.

అవధానం రోజు పొద్దున రైలుకి అవధాని గారు దిగారు. నలభై దాటిన మనిషి, పంచె కట్టు, భుజాన జరీ కండువా, చేతిలో చిన్న సంచీ. జట్కా కదిలాక ఏదో మాట కలపాలని చందమామ కవి పద్యం ఒకటి ఎత్తుకున్నాను. మూడో పాదంలో ఒక మాట తప్పాను. ఆయన వెంటనే సరిచేసి, రోడ్డు వంక చూస్తూ, "మా నాన్నగారిది లెండి" అన్నారు.

లోకం తండ్రిని ఊరి పేరుతో ఎరుగును. ఈయన ఇంటిపేరుతో తిరుగుతున్నారు. మా సంఘంలో ఒక్కడికీ ఈ చుట్టరికం తెలియదు. రేచీకటి సంగతి నా నాలిక చివరి దాకా వచ్చి ఆగిపోయింది.

ఆయన్ని ప్లీడరు గారింట్లో దింపి, పరుగులాంటి నడకతో దర్జీ కొట్టుకు వెళ్ళాను. మా వాడు ఎవరిదో కుట్టడానికి ఇచ్చిన షేర్వాణీ తొడుక్కుని అద్దంలో చూసుకుంటున్నాడు. వాళ్ళ నాన్న గుండీలు సరిచేస్తున్నాడు.

"ఒరేయ్, ఇయ్యాల చందమామ కవి మాట ఎత్తమాక. ఆయన కొడుకేరా ఈ అవధాని."

వాడు అద్దంలోంచే నన్ను చూశాడు. "ఏందిరా నువ్వు చెప్పేది?"

"జట్కాలో ఆయనే చెప్పాడ్రా."

"జట్కాలో!" అని నవ్వాడు. "నీ కుళ్ళు నాకు తెలవదా? చానా మంచి కబురు కాబట్టి నన్ను చెప్పనీయకూడదని నీ ఏడుపు. చెప్పనా, నాకా కుర్చీ వద్దు. పోయి కూర్చో నువ్వే."

"నాకొద్దు నీ ఎంగిలి కుర్చీ" అని వచ్చేశాను. నా జన్మలో వాడి మేలు కోరి నిజం చెప్పింది ఆ ఒక్కసారి. వాడు నమ్మలేదు. నమ్మకపోవడంలో వాడి తప్పేమీ లేదు, నేను అట్లాంటివాణ్ణే. ప్లీడరు గారి చెవిన వేద్దామని వెళితే ఆయన అవధాని గారి పక్కనే కూర్చుని భోంచేస్తున్నారు. ఆ విస్తళ్ళ మధ్య ఏమని చెప్పను?

మధ్యాహ్నం హైస్కూలు హాలు కిటకిటలాడింది. గురజాల, మాచర్ల వైపు నుంచి కూడా పంతుళ్ళు వచ్చారు. నేను వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. వేదిక మీద అప్రస్తుత ప్రసంగం కుర్చీలో, నా కుర్చీలో, షేర్వాణీ వేసుకుని మా వాడు. వర్ణన అడిగే ఆయన కొండవీటి మీద చంద్రోదయం వర్ణించమన్నారు. అవధాని గారు మొదటి పాదం చెప్పారు, తర్వాత రెండోది. మధ్యలో మా వాడు ఆవు కథ వేశాడు, హాలు గొల్లుమంది. కోడిపందెం వేశాడు, వాడు తూలి పడబోతే పక్కనున్న పృచ్ఛకుడు నిజమనుకుని పట్టుకున్నాడు. అవధాని గారూ నవ్వారు, నవ్వుతూనే మూడో ఆవృత్తికి, అంటే మూడో పాదాల వరసకి వచ్చారు.

అప్పుడు మా వాడు, "ఇక మన చందమామ కవి సంగతి, ఆయనకు రేచీకటి" అంటూ లేచి నిలబడ్డాడు. కళ్ళు పెద్దవి చేశాడు. చేతులు చాపాడు. నేను కళ్ళు మూసుకున్నాను, తర్వాత మళ్ళీ తెరిచాను. బల్ల తడిమాడు, గోడ తడిమాడు, మంచినీళ్ళ కూజాకి నమస్కారం పెట్టాడు. "ఆహా, ఏమి వెన్నెల!" హాలు ఊగిపోయింది. అవధాని గారు మాత్రం నవ్వలేదు. ఆయన వేళ్ళు కండువా అంచు పట్టుకుని ఆగిపోయాయి. ముందు వరసలో నవ్వులు ఆగాయి, తర్వాత వెనక వరసల్లో ఆగాయి.

"ఆ కవి మా నాన్నగారు" అన్నారు అవధాని గారు.

మా వాడి చాపిన చేతులు అట్లాగే ఉండిపోయాయి. హాలు చివర నన్ను వెతికాడు, చూశాడు. నాకు ఎట్లా ఉందో దాచను. కడుపులో చల్లగా ఉంది. ఇన్నేళ్ళకు వాడు ఒక్కసారి మాట లేక నిలబడ్డాడు, అదీ నేను చెప్పింది వినక.

ఆ చల్లదనం ఎంతోసేపు లేదు. అవధాని గారు తన ఆసనం మీంచి లేచి వాడి దగ్గరకు వెళ్ళారు. చాపిన ఆ రెండు చేతులూ పట్టుకున్నారు. "అచ్చం ఇట్లాగే తడుముకునేవారు. ఎడమ చెయ్యి ఇంకొంచెం కింద ఉండేది. మళ్ళీ ఒకసారి చెయ్యండి, చూస్తాను" అన్నారు. మా వాడు మళ్ళీ చేశాడు, ఎడమ చెయ్యి కిందకి పెట్టి. ఈసారి ఎవరూ నవ్వలేదు. నా ముందు నిలబడ్డ కాబూలీవాలా అంత మనిషి కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. అవధాని గారు వెనక్కి వెళ్ళి కూర్చుని, చంద్రోదయం మూడో పాదం, నాలుగో పాదం ఒక్క ఊపున చెప్పి, చివర్లో ధారణలో అన్ని పద్యాలూ పొల్లుపోకుండా అప్పజెప్పారు. సంఘం వాళ్ళు తనకు కప్పిన శాలువా తీసి మా వాడి భుజాన వేశారు.

సభ అయ్యాక జనం వాణ్ణి చుట్టుముట్టి హోటలుకు లాక్కుపోయారు. అవధాని గారిని రైలెక్కించడానికి ఎవరుంటారు? నేనే. జట్కా తోలే సాయిబు కూడా హోటలు వైపే చూస్తూ అయిష్టంగా కళ్ళెం పట్టాడు.

పౌర్ణమి దగ్గర రోజులు. రైల్వే గేటు వేసి ఉంటే జట్కా ఆగింది. పొలాల అవతల చందమామ అప్పుడే పైకొచ్చాడు. అవధాని గారు అటు చూసి, చూపు తిప్పేసుకున్నారు. ఆయనే మొదలుపెట్టారు.

"పొద్దుగూకితే మా నాన్నగారు నా భుజం మీద చెయ్యి వేసి వాకిట్లోకి వచ్చేవారు. 'ఇవాళ ఎట్లా ఉందిరా?' అని అడిగేవారు. కాలిన అప్పడంలా ఉందనో, మబ్బు చాటు నుంచి ముసలమ్మ తొంగి చూసినట్టుందనో నాకు తోచింది చెప్పేవాణ్ణి. తెల్లారేసరికి అది పద్యమయ్యేది. సభల్లో జనం చప్పట్లు కొడుతుంటే నేను కింద కూర్చుని వినేవాణ్ణి. అది నేను చూసిన చందమామే కదండీ. నా పేరు ఎక్కడా లేదు."

నా కడుపులో మాట ఆయన నోట్లోంచి వస్తోంది.

"కుళ్ళుగా ఉండేదా మీకు?" అని అడిగేశాను.

"బాగా" అన్నారాయన. "ఒకరోజు ఆ కుళ్ళుకొద్దీ అబద్ధం చెప్పాను. ఆకాశంలో ఏమీ లేదు. ఇవాళంత పెద్ద చందమామ ఎప్పుడూ రాలేదు నాన్నా, మన బావిలోకి దిగి నీళ్ళు తాగుతున్నాడు అని చెప్పాను. ఆయన తల ఊపి వెళ్ళి పడుకున్నారు. మీరు పొద్దున తప్పు చదివారే, ఆ పద్యం అదే. అన్నిట్లోకీ దానికే పేరొచ్చింది. పెద్దయ్యాక నాకు తట్టింది, పంచాంగం నోటికొచ్చిన మనిషి, ఆ రోజు అమావాస్య అని ఆయనకు తెలియదా? నేను కుళ్ళుతో చెప్పానని తెలియదా? తెలిసే రాశారు."

గూడ్సు బండి వెళ్ళిపోయింది, గేటు తీశారు. జట్కా కదిలింది. స్టేషన్ దగ్గర దిగి సంచీ అందుకుంటూ ఆయన ఒక మాట అన్నారు.

"ఇది మీ స్నేహితుడికి చెప్పండి. ఆయనైతే బాగా చెబుతారు."

నేను చెప్పలేదు. ఎందుకు చెబుతాను? అప్పటిదాకా జట్కాలో దొరికినవన్నీ వాడికే పోశాను. వేదిక వాడికిచ్చారు, శాలువా వాడికిచ్చారు, మా ఆవిడ నవ్వు కూడా వాడికే పోయింది. ఈ ఒక్కటీ నాది. వాడు ఊరుకోలేదు. "ఆయన జట్కాలో ఏం చెప్పాడ్రా?" అని ఆ వారమంతా అడిగాడు. తర్వాత సాగర్ కాలువలు వచ్చాయి, మా పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, తడిక పోయి గోడ వచ్చింది, అయినా ఎప్పుడైనా గుర్తొచ్చి అడిగేవాడు. చివరిసారి ఆస్పత్రి మంచం మీద అడిగాడు. "నిద్రపోయాడ్రా ఆయన, ఏం చెప్పలేదు" అన్నాను. వాడు నవ్వాడు. నేను అబద్ధమాడుతున్నానని వాడికి తెలుసు.

వాడు పోయాక ఈ సంగతి మా ఆవిడకు చెప్పాను. విని, "పాపం" అంది. ఇప్పుడు మీకు చెప్పాను. మీరూ అదే అంటారు, నాకు తెలుసు. వాడైతే లేచి నిలబడి, ఎడమ చెయ్యి కొంచెం కిందకి పెట్టి, అమావాస్య చీకట్లో ఆ బావి దగ్గరికి మిమ్మల్ని నడిపించుకుపోయి, లేని చందమామని చూపించేవాడు, వెధవ.